వైద్యుని దస్తరమునకు సర్కారు గ్రాంటు

2009వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీన అమెరికా అధ్యక్షుడు ఒబామా సంతకము చేసిన ఆర్థికోద్ధరణ శాసనములో రోడ్లు, వంతెనలు, పాఠశాలలు మొదలగు వానితోపాటు వైద్యుల కేసుషీట్లను గూర్చిన భాగ మొకటి చేర్చబడినది. దానికి హైటెక్ శాసనమని పేరు. దేశమంతయు ఆర్థికమాంద్యమున మునిగియుండగా, డాక్టరు తన రోగి జ్వరమును కాగితముపై వ్రాసికొనునా, కంప్యూటరులో వ్రాసికొనునా యను ప్రశ్న శాసనసభలకు ఏల తోచినదని పాఠకు లడుగవచ్చును.

కారణము లేకపోలేదు. 2004వ సంవత్సరముననే అధ్యక్షుడు బుష్, పదియేండ్లలో అమెరికనులలో అధిక సంఖ్యాకులకు ఎలెక్ట్రానిక్ ఆరోగ్య దస్తరము లేర్పడవలయునని ప్రకటించి, ఆ పని చూచుటకు ఒక కార్యాలయమును గూడ నెలకొల్పెను. మాటతో పని జరుగలేదు. 2008 నాటికి సొంత క్లినిక్కులలో వృత్తి సాగించు వైద్యులలో ఏదో యొక విధమైన కంప్యూటరు దస్తరము గలవారు నూటికి 42 మంది మాత్రమే. ఆసుపత్రులలో సామాన్యమైన దస్తరమైనను గలవి నూటికి పదింటికి లోపుగానే యుండెను. యంత్రములు కొనవలసినవాడు డాక్టరు. సిబ్బందికి తరిఫీదు నిప్పించవలసినవాడు డాక్టరు. చేయి అలవాటు పడువఱకు రోజుకు చూడగల రోగుల సంఖ్య తగ్గినచో నష్టపడువాడును డాక్టరే. ఒకే రక్తపరీక్ష రెండు తావుల జరుగకుండుటవలన మిగులు సొమ్ము మాత్రము బీమా కంపెనీలకును ప్రభుత్వమునకును చేరును. ఖర్చు ఒకరిది, లాభ మింకొకరిది యైనచోట ఎవ్వరును తమంతట ముందునకు రారు. అందుచే సర్కారే సంచి విప్పవలసి వచ్చెను.

ఈ దూరదేశపు వ్యవహారమును మేమిచట ముచ్చటించుటకు రెండు హేతువులు గలవు. గుంటూరు, కాకినాడ, వరంగల్లు, కర్నూలు వైద్యకళాశాలలలో చదివి అమెరికాలో వృత్తి సాగించుచున్న తెలుగు డాక్టర్లు పెక్కురు. వారు సెలవులకు వచ్చినప్పుడు తలిదండ్రులతో చెప్పుకొను కష్టములలో రోగి కష్టముకంటె కంప్యూటరు కష్టమే యెక్కువగా నుండుట మనలో ననేకు లెఱిగినదే. రెండవ హేతువు మనకు మఱింత దగ్గఱది. 2023 జనవరి 1వ తేదీనుండి భారత ప్రభుత్వమును ఇటువంటి ప్రోత్సాహక పథకము నొకదానిని అమలున బెట్టినది. ముందు నడచినవాని అడుగులు చూచి నడచుట మేలు గదా.

అమెరికా గ్రాంటు స్వరూపమును మొదట చెప్పెదము. ఆ దేశమున 65 ఏండ్లు నిండిన వృద్ధులకు ముఖ్యముగా మెడికేర్ అనియు, బీదలకు మెడికెయిడ్ అనియు రెండు ప్రభుత్వ బీమాలు గలవు. మెడికేర్ మార్గమున వచ్చు డాక్టరుకు ఐదేండ్లలో గరిష్ఠముగా 44,000 డాలర్లు. 2011లోగాని 2012లోగాని ఆరంభించినవానికి మొదటి యేట 18,000, పిదప 12,000, 8,000, 4,000, 2,000. మెడికెయిడ్ మార్గమున ఆరేండ్లలో 63,750 డాలర్లు. అందు మొదటి యేట 21,250, తరువాత నేటేట 8,500. దీనికి డాక్టరు రోగులలో నూటికి 30 మందియైనను మెడికెయిడ్‌వారై యుండవలయును. పిల్లల వైద్యునికి 20 మంది చాలును గాని, అట్టి సందర్భమున గ్రాంటులో మూడింట రెండు వంతులే. రెండు మార్గములును ఒక్కమారే పట్టుటకు వీలులేదు. పనిలో నూటికి 90 పాళ్లు ఆసుపత్రి పడకలయొద్దను అత్యవసర విభాగమునను చేయు వైద్యునికి విడిగా ఏమియు రాదు. ఆసుపత్రికి వచ్చు గ్రాంటు వేరు.

ఇక షరతులు. సాఫ్ట్‌వేరు ప్రభుత్వము గుర్తించిన సంస్థలచే పరీక్షింపబడి ధ్రువపత్రము పొందినదై యుండవలయును. అది కొని బల్లపై నుంచిన చాలదు, దానిని సార్థకముగా వినియోగించితినని డాక్టరు చూపవలయును. ఈ ‘మీనింగ్‌ఫుల్ యూజ్’ అను రెండు మాటలే పథకమునకు ప్రాణము. సార్థకమనగా నేమి? శాసనము మూడు గుర్తులు చెప్పినది: మందులచీటీ కంప్యూటరుద్వారా పంపుట, రోగి సమాచారమును ఇతర వైద్యులతో ఇచ్చి పుచ్చుకొనుట, చికిత్స నాణ్యమును గూర్చిన లెక్కలను ప్రభుత్వమునకు సమర్పించుట. మిగిలినది అధికారుల కలమునకు విడిచిపెట్టినది. 2010 జూలైలో ఆ కలము కదలెను.

మొదటి దశలో డాక్టరునకు తప్పనిసరి నియమములు 15. వేఱొక 10 నియమములనుండి 5 ఎన్నుకొనవలయును. ఇవి గాక నాణ్యతా లెక్కలు ఆరు. నియమము లెట్టివో కొన్ని చూచినచో పాఠకులకు వాని ధోరణి బోధపడగలదు. మందులు వాడు రోగులలో నూటికి 30 మందికి మించి కనీస మొక మందునైనను కంప్యూటరులో నమోదు చేసి ఆజ్ఞాపించవలయును. మందులచీటీలలో నూటికి 40కి మించి నేరుగా మందులదుకాణపు కంప్యూటరునకు పోవలయును. నూటికి 80 మందికి మించిన రోగులకు వ్యాధుల జాబితా, మందుల జాబితా, పడని మందుల జాబితా యుండవలయును. పదమూడేండ్లు దాటినవారిలో సగముకంటె నెక్కువమందికి పొగత్రాగు అలవాటు గలదో లేదో వ్రాయవలయును. వచ్చిన రోగికి ఆనాటి చికిత్సా సంగ్రహమును మూడు పనిదినములలో నీయవలయును. ఇదియు సగముకంటె నెక్కువ సందర్భములలో జరుగవలయును. రెండు మందులు ఒకదానికొకటి పొసగనప్పుడు హెచ్చరించు ఏర్పాటు తెఱపై నుండవలయును. రోగి రహస్యములు బయటపడు మార్గము లేవియైన నున్నవేమో డాక్టరు తన కార్యాలయమును తానే తనిఖీ చేసికొని వ్రాసిపెట్టుకొనవలయును. నియమము వర్తింపనివానికి మినహాయింపులు గలవు. లెక్కించు కాలమున నూఱు మందులచీటీలైనను వ్రాయనివానికి చీటీల నియమము లేదు.

మెడికేర్ మార్గమున మొదటి యేట 90 దినములు ఈ నియమములు పాటించిన చాలును. తరువాత ఏడాది పొడవున. డాక్టరు తానే ప్రభుత్వపు వెబ్‌సైటులో అంకెలు నింపి ‘ఇవి నిజము’ అని ప్రమాణము చేయును. డబ్బు వచ్చును. అయితే కథ అంతటితో ముగియదు. ఆరేండ్లవఱకు రుజువు కాగితములు భద్రపరచవలయును. తనిఖీదారు వచ్చి, ఒక్క నియమము తప్పినదని తేల్చెనా, ఆ యేటి గ్రాంటంతయు వాపసు. పదునాలుగు నియమములు పాటించి పదునైదవదానియందు జాఱినవానికిని, అసలేమియు చేయనివానికిని ఈ విషయమున భేదము లేదు. ప్రభుత్వ ధనమునకు లెక్క యుండవలయుననుటను మేము కాదనము. కాని నాలుగు గదుల క్లినిక్కు నడుపుకొను డాక్టరును, వందలకొలది గుమాస్తాలు గల ఆసుపత్రిని దాదాపు ఒకే త్రాసున తూచుట న్యాయమని అంగీకరింపజాలము.

ఇచట మాకొక పాతకథ జ్ఞప్తికి వచ్చుచున్నది. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మదరాసు రాజధానిలోని వీధిబడులకు సర్కారువారు ఫలితములనుబట్టి గ్రాంటు నిచ్చెడివారు. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను పరీక్షించి, ప్యాసైన పిల్లవానికి ఇంతయని లెక్క గట్టును. పంతులుగారు ఏమి చేయుదురు? ఇన్‌స్పెక్టరు అడుగబోవు పాఠములనే సంవత్సరమంతయు వల్లెవేయించిరి. పిల్లలు చదివిరి, పరీక్ష ప్యాసైరి, గ్రాంటు వచ్చెను; ఆ పాఠము దాటి మఱియొక పుట తెఱచినచో నోరు పెగలదు. ఈ పద్ధతి ఇంగ్లండులో 1862వ సంవత్సరపు నియమావళితో ఆరంభమై మనకు దిగుమతియైనది. 1904లో కర్జను ప్రభుత్వమువారి విద్యాతీర్మానము దానిని విడిచిపెట్టినట్లు చెప్పినది. ఆ పంతుళ్లను మేము నిందింపము. కడుపు నింపు అంకె యేదో తెలిసిన తరువాత దానివెంట పోవుట మానవస్వభావము.

అమెరికాలోను అంకెలు అద్భుతముగా పెరిగెను. 2021 నాటికి క్లినిక్కు వైద్యులలో కంప్యూటరు దస్తరములు గలవారు నూటికి 88 మంది. ధ్రువపత్రము పొందిన సాఫ్ట్‌వేరు గలవారు 78 మంది. ఆసుపత్రులలో అట్టి సాఫ్ట్‌వేరు గలవి నూటికి 96. ప్రభుత్వము వెచ్చించినది 3,500 కోట్ల డాలర్లకు పైమాట. ఇది వట్టి బూటకమని చెప్పుట అన్యాయము. డాక్టరు వ్రాత చదువలేక ఒక మందునకు బదులు వేఱొక మందు నిచ్చుట తగ్గినది. పడని మందు వ్రాయబోవు వేలికి తెఱపై హెచ్చరిక అడ్డుపడుచున్నది. తన రక్తపరీక్షా ఫలితమును రోగి యింటియొద్దనే చూచికొనగలుగుచున్నాడు. కాగితపు కట్టల నడుమ ఇది సాధ్యము గాదు.

అయినను శాసనము చెప్పిన మూడు గుర్తులలో రెండవదానిని, అనగా ఒక వైద్యుడు వ్రాసినదానిని మఱియొక వైద్యుడు చదువగలుగుటను, మొదటి దశ నియమములు పేరునకు మాత్రమే ముట్టినవి. సమాచారము నొకమారు పంపి చూచు ప్రయోగము చేసిన చాలును. అది విఫలమైనను ఫరవాలేదు! తత్ఫలితముగా దేశమంతట కంప్యూటర్లు వెలసినవి గాని, ఒకదాని భాష ఇంకొకదానికి తెలియదాయెను. లక్షల డాలర్ల యంత్రములు గల రెండు ఆసుపత్రుల మధ్య రోగి చరిత్ర ఫ్యాక్సు కాగితముపై నడచి పోవుట సామాన్యమైనది. సాఫ్ట్‌వేరు కంపెనీలకు ఈ మూగతనమే లాభకరము. ఖాతాదారు విడిచిపోవుట కష్టమగును గదా. దీనిని సరిదిద్దుటకు 2016వ సంవత్సరమున వేఱొక శాసనము చేయవలసి వచ్చెను. రోగి సమాచారమును అకారణముగా అడ్డగించు సాఫ్ట్‌వేరు కంపెనీకి తప్పు ఒక్కింటికి పదిలక్షల డాలర్లవఱకు జరిమానా విధింపవచ్చునని అందు చెప్పిరి. మొదటనే పెట్టవలసిన షరతును ఏడేండ్ల తరువాత, డబ్బు చాలవఱకు చెల్లించిన పిమ్మట పెట్టిరి.

రెండవ దశ 2014లో వచ్చినది. అందొక నియమము చూడుడు: డాక్టరు రోగులలో నూటికి ఐదుగురైనను తమ దస్తరమును తామే కంప్యూటరులో తెఱచి చూడవలయును. చూడవలసినవాడు రోగి, చూడకపోయినచో గ్రాంటు పోగొట్టుకొనువాడు డాక్టరు! ఎనుబదియేండ్ల వృద్ధుడు కంప్యూటరు ముట్టనన్నచో డాక్టరేమి చేయగలడు? గగ్గోలు పుట్టెను. తుదకు 2015లో నియమమును సవరించి, ఒక్క రోగి చూచిన చాలునని తగ్గించిరి. నూటికి ఐదునుండి మొత్తమున కొకనికి! కొలబద్ద ఇట్లు కుంచించుకొనిపోయిన తరువాత అది దేనిని కొలిచినట్లు?

డాక్టర్ల కాలము ఏమైనదో గూడ చూడవలయును. 2016లో ప్రకటింపబడిన యొక పరిశీలనలో నాలుగు రాష్ట్రములలో 57 మంది వైద్యుల వెంట నుండి వారి పనిగంటలను లెక్కించిరి. రోగికి ఎదురుగా గడపిన గంట ఒక్కింటికి సుమారు రెండు గంటలు దస్తరమునకును బల్లపనికిని పోవుచున్నవని తేలినది. నాడి చూడవలసిన చేయి మీటలు నొక్కుచున్నదని వృద్ధవైద్యులు వాపోవుట వట్టి ఛాందసము గాదు.

అంతకంటె విచారకరమైనవి సాఫ్ట్‌వేరు కంపెనీల చరిత్రలు. ఈక్లినికల్‌వర్క్స్ అను కంపెనీపై ప్రభుత్వము తెచ్చిన ఆరోపణ వినుడు. ధ్రువపత్రము పొందుటకు సాఫ్ట్‌వేరు మందుల సంకేతసంఖ్యల నన్నింటిని పట్టికనుండి తీసికొనగలిగి యుండవలయును. పరీక్షలో అడుగబడునవి 16 మాత్రమేనని యెఱిగి, ఆ పదునాఱింటినే లోపల వ్రాసిపెట్టి పరీక్ష దాటించిరట! వీధిబడి పంతులు పిల్లలచే పాఠము వల్లెవేయించెను. వీరు యంత్రముచేతనే వల్లెవేయించిరి. 2017లో ఆ కంపెనీ 15 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించి వ్యాజ్యమును రాజీ చేసికొన్నది.

ప్రాక్టీస్ ఫ్యూజన్ అను వేఱొక కంపెనీ చేసినది దీనిని మించినది. వైద్యునికి తెఱపై సలహాలు చూపు ఏర్పాటు గ్రాంటు నియమములలో నొకటి యని పైన చూచితిమి. ఆ సలహాలను అమ్మకమునకు పెట్టిరి! నల్లమందు జాతి నొప్పిమందు తయారుచేయు కంపెనీయొద్ద సుమారు పదిలక్షల డాలర్లు పుచ్చుకొని, ఆ జాతి మందుల అమ్మకము పెరుగునట్టి సలహాను డాక్టర్ల తెఱలపై చూపిరి. ఆ జాతి మందులకు బానిసలై అమెరికాలో వేలకొలది జనులు మరణించుచున్న కాలమది. కంపెనీ నేరము నంగీకరించి, 2020 జనవరిలో 14 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించుట కొప్పుకొన్నది. ఎదుట తెఱపై కనబడునది శాస్త్రమా, వ్యాపారమా యని రోగిని చూచుచున్న డాక్టరు ఎట్లు కనిపెట్టగలడు?

గ్రాంటు కాలము తీఱినపిమ్మట దండన వచ్చినది. నియమములు పాటింపని డాక్టరుకు 2015నుండి మెడికేర్ చెల్లింపులలో నూటికి ఒకటి, 2016లో రెండు, 2017లో మూడు చొప్పున కోత. 2015 ఏప్రిలులో మఱియొక శాసనము చేసి ఈ తంతునంతయు మిప్స్ అను మార్కుల పద్ధతిలో కలిపిరి. ఇప్పుడు నూఱు మార్కులలో 25 ఈ దస్తరములకు. రెండేండ్ల క్రిందటి మార్కులనుబట్టి డాక్టరు చెల్లింపులు నూటికి 9 వఱకు తగ్గవచ్చును; ఒకరినుండి తగ్గించినదే మఱియొకరికి బహుమానముగా పోవును. 15 మందికి మించని చిన్న క్లినిక్కులకు దస్తరముల మార్కులను 2022నుండి వేఱు పద్దులకు మార్చి మినహాయింపు నిచ్చిరి. చిన్న డాక్టరు మొఱ పదేండ్ల తరువాతనైనను చెవికెక్కినందులకు సంతోషింతము. ఇంతలో నెందఱు చిన్నవారు పెద్ద ఆసుపత్రులలో జీతగాండ్రుగా చేరిరో!

మన దేశపు పథకమునకు వత్తము. 2021 సెప్టెంబరులో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ క్రింద కోరినవారికి ‘ఆభా’ యను 14 అంకెల సంఖ్య నిచ్చుచున్నారు. దస్తరములు వ్రాసిన ఆసుపత్రియందే యుండును. రోగి సమ్మతించినప్పుడు మఱియొకచోటికి పోవును. ఈ కట్టడి మంచిదనియే మా తలంపు. అమెరికావారు చివర చేర్చుకొన్న షరతును మనవారు ముందే తలపెట్టిరి. 2023 పథకము ప్రకారము, పది పడకలుగాని అంతకుమించి గాని గల ఆసుపత్రి నెలకు పడక ఒక్కింటికి 100 చొప్పున దస్తరములను రోగుల ఆభా సంఖ్యలతో ముడిపెట్టిన పిమ్మట, అదనపు దస్తర మొక్కింటికి 20 రూపాయలు ప్రోత్సాహకము. పరీక్షాశాలలకును సాఫ్ట్‌వేరు కంపెనీలకును వేఱు లెక్కలు. ఒక్కొక్కరికి గరిష్ఠముగా నాలుగు కోట్ల రూపాయలు.

కాని, అయ్యా, ఇదియు లెక్కయే గదా! 1924లో బెల్గాము కాంగ్రెసు సభ్యత్వమునకు నెలకు 2,000 గజముల నూలు నిర్ణయించినది. సొంతముగా వడుకుటకు ఇష్టములేనివాడు ఇతరులు వడికినది తెచ్చి యీయవచ్చుననియు చెప్పినది. రాట్నము త్రిప్పుట సంకల్పము. లెక్కకు వచ్చినది నూలు. ఏడాది తిరుగకముందే, 1925 సెప్టెంబరులో పాట్నాలో, నాలుగణాల చందాను మరల అంగీకరింపవలసి వచ్చెను. మహాత్ముని సన్నిధిలోనే అంకె ఉద్దేశమునుండి జాఱిపోగలిగినచో, ఇరువదేసి రూపాయల వంతున చెల్లించు పథకమున జాఱకుండునా? రోగి దస్తరమును ముడిపెట్టినందులకు చెల్లించుచున్నారు. దానిని మఱియొక వైద్యుడు చదివెనా, చదివి ఒక పరీక్షనైనను తప్పించెనా, ఒక పడని మందునైనను మానిపించెనా యనుదానికి చెల్లించుట లేదు. రోగి సమ్మతియు, తెలియని వ్రేలిముద్రవలె, పేరు వ్రాయించుకొను బల్లయొద్దనే ముగిసిపోవు ప్రమాదము గలదు.

మన పట్టణములలో క్లినిక్కులు నడుపు డాక్టర్లు సాఫ్ట్‌వేరు కంపెనీ ప్రతినిధి ఎదుట సంతకము చేయుటకుముందు మూడు సంగతు లడుగవలయునని మా కోరిక. రేపు మీ సరకు మాకు నచ్చక విడిచినచో మా రోగుల దస్తరములను ఏ రూపమున, ఎన్ని దినములలో, ఏమి ఖర్చుకు మాకిత్తురు? తెఱపై వచ్చు సలహాలకు సొమ్మిచ్చువారెవరు? ప్రోత్సాహక ధనము ఆగిపోయిన మఱునాడు నెలసరి రుసు మెంత? ఈ మూడవ ప్రశ్నకు అమెరికా క్లినిక్కుల అనుభవమే జవాబు. గ్రాంటు ఐదాఱేండ్లలో తీఱిపోయెను, కంపెనీల బిల్లులు తీఱలేదు.

ప్రభుత్వమువారిని మేము కోరునది ఒక్క పద్దు. ముడిపడిన దస్తరములు ఇన్ని కోట్లని ప్రకటించుచున్నారు. అందులో ఒకచోట వ్రాయబడి, రోగి సమ్మతితో మఱియొకచోట తెఱచి చదువబడినవి ఎన్నియో జిల్లాలవారీగా, మూడునెలల కొకమారు ఆ సంఖ్యప్రక్కనే ముద్రింపుడు.